పేము తెగిన కుర్చీని అల్లించాలా, వద్దా?

పాత సామాను కొని అమ్మేవాళ్ళ దగ్గర ఒక మాట తరచూ వినిపిస్తుంది: "ఉన్నది ఉన్నట్టు ఉంచండి." రంగు వెయ్యొద్దు, పాలిష్ పెట్టొద్దు, ఊడిపోయిన ముక్క బిగించొద్దు, వీలైతే దుమ్ము కూడా దులపొద్దు. చాలా వస్తువుల విషయంలో ఇది మంచి సలహానే. కానీ పంతొమ్మిదో శతాబ్దపు ఫర్నిచర్‌లో ఒక రకానికి ఈ మాట వర్తించదనీ, వర్తింపజేస్తే ఆ వస్తువుకి అన్యాయం చేసినట్టేననీ నా గట్టి నమ్మకం. ఆ రకం పేరు బెంట్‌వుడ్. గుండ్రటి కర్రని ఆవిరిలో మెత్తబరిచి, వంచి, స్క్రూలతో బిగించి, కూర్చునే చోట పేము అల్లిన కుర్చీ. పేరు తెలియకపోయినా చూడనివాళ్ళు ఉండరు. బొంబాయి ఇరానీ కేఫ్‌ల ఫోటోల్లో పాలరాతి బల్ల చుట్టూ ఉండేవి అవే. 1904 నాటి కయానీ కేఫ్‌లో ఇప్పటికీ వాటి మీదే కూర్చుని చాయ్ తాగుతారు.

ఇదంతా ఎందుకు రాయాల్సి వచ్చిందంటే, కాకినాడలో మా తాతగారి ఇల్లు ఖాళీ చేస్తున్నాం. మంచాలు, బీరువాలు, ఇత్తడి గంగాళాలు అన్నీ ఎవరి వాటాకి వాళ్ళు తీసుకెళ్ళారు. వెనక వసారాలో ఆరు బెంట్‌వుడ్ కుర్చీలు మిగిలాయి. రెండింటికి పేము కిందికి జారింది, మరో రెండింటికి తెగిపోయి బొక్క పడింది, ఒకదానికి ఎప్పుడో ప్లైవుడ్ ముక్క మేకులతో కొట్టారు, ఒకటి నీలం ప్లాస్టిక్ వైరుతో అల్లించారు. మా పెదనాన్నగారి అబ్బాయి, అన్నయ్య, వాటి ఫోటోలు తీసి హైదరాబాద్‌లో యాంటిక్ ఫర్నిచర్ అమ్మే ఒకాయనకి పంపాడు. ఆయన ఒక కుర్చీని తిరగేసి సీటు కింద ఫోటో తీసి పంపమన్నాడు. పంపాం. సీటు చట్రం లోపలివైపు నల్లబడిన కాగితం ముక్క ఒకటి అంటుకుని ఉంది. దాని మీద జె. అండ్ జె. కోన్, వియన్నా అని ఇంకా చదవడానికి వస్తోంది. వెంటనే ఫోన్ వచ్చింది. "సార్, దయచేసి వాటిని ముట్టుకోకండి. ప్లైవుడ్ ఉన్నది, వైరు ఉన్నది పక్కన పెట్టేయండి. మిగతా నాలుగూ చాలు. పేము అల్లించారంటే మాత్రం రేటు సగానికి సగం పడిపోతుంది."

అన్నయ్యకి ఆ మాట నచ్చింది. నాకు నచ్చలేదు. ఇద్దరం ఫోన్‌లో కొంచెం గట్టిగానే వాదించుకున్నాం. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయిన వాదనని ఇక్కడ తీరిగ్గా పెడుతున్నాను.

వియన్నాలో ఓడెక్కిన కుర్చీ

నెపోలియన్ యుద్ధాలు ముగిసిన 1815 నుంచి విప్లవాలు వచ్చిన 1848 దాకా జర్మన్ మాట్లాడే దేశాల్లో మధ్యతరగతి ఇళ్ళలో నడిచిన శైలిని బీడర్‌మైయర్ అంటారు. రాజప్రాసాదాల బంగారు పూతలు, సింహపు పాదాలు తగ్గిపోయి, చెర్రీ, యాష్ లాంటి లేతరంగు చెక్కలు, నున్నటి పలకలు, మెత్తగా ఒంపు తిరిగిన వీపులు వచ్చాయి. కుటుంబం అంతా ఒక గదిలో చేరి కూర్చుని చదువుకోవడానికో, పియానో వినడానికో సరిపడే ఫర్నిచర్ అది. రైన్ నది ఒడ్డున బొప్పార్డ్ అనే ఊళ్ళో 1796లో పుట్టిన మిఖాయిల్ థోనెట్ ఈ శైలిలో పని నేర్చిన వడ్రంగి.

బీడర్‌మైయర్ కుర్చీలో ఒంపు అందంగానే ఉంటుంది, కానీ దాన్ని తీయడం ఖరీదైన పని. పెద్ద పలక తీసుకుని ఒంపుగా రంపంతో కోయాలి. సగం చెక్క పొట్టుపాలు. పైగా చెక్కలో నార నిలువుగా పోతుంది, కోత ఒంపుగా పోతుంది. రెండూ ఎక్కడ తప్పుకుంటే అక్కడ విరుగుతుంది. థోనెట్ 1830ల్లో దీనికి ఒక దారి కనిపెట్టాడు. పల్చటి చెక్క పట్టీలని బంకలో ఉడకబెట్టి, కట్టగా కలిపి, అచ్చులో వంచడం. 1841లో కోబ్లెంజ్ ప్రదర్శనలో ఆస్ట్రియా ఛాన్సలర్ మెటర్నిక్ ఆ కుర్చీలు చూసి వియన్నా రమ్మన్నాడు. మరుసటి ఏడాదే వెళ్ళాడు. లీఖ్టెన్‌స్టైన్ ప్రాసాదంలో చెక్క నేలల పనీ, కుర్చీల పనీ చేశాడు. తర్వాత సొంతంగా వర్క్‌షాప్ పెట్టుకుని వియన్నాలోని డౌమ్ కేఫ్‌కి కుర్చీలు చేసిచ్చాడు. 1851 లండన్ మహాప్రదర్శనలో కంచు పతకం వచ్చింది.

అయినా బంక సమస్య తీరలేదు. సముద్రాలు దాటి తేమ దేశాలకి వెళ్ళిన కుర్చీల్లో పట్టీలు విడిపోయేవి. కోస్తా ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. మా ఇంట్లో వర్షాకాలంలో ఏ బంక పెట్టిన సామాను నిలిచింది గనక? అందుకని థోనెట్ బంక మానేసి నిండు కర్రనే వంచే మార్గం వెతికాడు. ఈ ఘట్టం నాకు చాలా ఇష్టం. ఆవిరి పట్టిన చెక్కని నొక్కితే బాగా నొక్కుకుంటుంది, లాగితే మాత్రం ఒకటి రెండు శాతం కన్నా సాగదు, చీలిపోతుంది. కర్రని వంచినప్పుడు లోపలివైపు నొక్కుకుంటుంది, బయటివైపు సాగాల్సి వస్తుంది. ఆయన బయటివైపు ఒక ఇనప పట్టీ పెట్టి రెండు చివర్లా బిగించాడు. ఇక ఆ కర్రకి సాగే అవకాశమే లేదు, మొత్తం ఒత్తిడి లోపలికే వెళ్తుంది. అంతే, నిండు బీచ్ కర్ర (బీచ్ అంటే ఐరోపా అడవుల్లో పెరిగే ఒక చెట్టు) విరక్కుండా గుండ్రంగా తిరిగింది. 1856లో దానికి పేటెంట్ హక్కులు వచ్చాయి. బీచ్ అడవులు, చవగ్గా దొరికే కూలీలు ఉన్న మొరావియాలో (ఇప్పుడది చెక్ దేశంలో భాగం) కొర్యిచానీ అనే ఊళ్ళో ఫ్యాక్టరీ లేచింది. 1859లో కేటలాగులో 14వ నంబరు కుర్చీ వచ్చింది.

ఆ కుర్చీ అంతా కలిపి ఆరు చెక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు. వెనక కాళ్ళూ వీపూ కలిసి ఒకే కర్ర, దాని లోపల చిన్న ఒంపు ఒకటి, సీటు చట్రం, ముందు కాళ్ళు రెండు, కాళ్ళని పట్టి ఉంచే కింది వలయం. విప్పి సర్దితే ఒక ఘనమీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. ఓడ దిగాక స్క్రూడ్రైవర్ పట్టుకోగలిగిన ఎవరైనా బిగించుకోవచ్చు. 1930 నాటికి ఈ ఒక్క నమూనాయే 5 కోట్లు అమ్ముడుపోయిందని లెక్క. 1869లో థోనెట్ హక్కుల గడువు తీరిపోగానే పోటీదార్లు దిగారు. వాళ్ళలో పెద్దవాళ్ళు జేకబ్ అండ్ జోసెఫ్ కోన్. మా కాకినాడ కుర్చీల కింద కాగితం వాళ్ళదే.

పలక మీద పనీ, స్క్రూ మీద పనీ

"ముట్టుకోవద్దు" అనే సూత్రం ఎక్కడ పుట్టిందో చూస్తే దానికి న్యాయం ఉంది. బీడర్‌మైయర్ రాతబల్ల ఒకటి తీసుకుందాం. దాని అందమంతా పైనున్న చెర్రీ పొరలో ఉంటుంది. ఒకే దుంగ నుంచి వరుసగా తీసిన పల్చటి పొరలని అద్దంలో ప్రతిబింబంలా అటొకటీ ఇటొకటీ పరిచి, లక్కని స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో గంటల తరబడి రుద్ది మెరుపు తెస్తారు. (ఆ లక్క ఎక్కువగా మన దేశపు అడవుల నుంచి ఎగుమతి అయ్యేదే. చెట్ల కొమ్మల మీద లక్క పురుగు పెట్టిన పూత వియన్నా డ్రాయింగ్ రూముల్లో మెరిసింది.) రెండు వందల ఏళ్ళలో ఆ పొర తేనె రంగుకి తిరుగుతుంది. ఎవరైనా కొత్తగా మెరిపిద్దామని మిషన్‌తో గరుకు కాగితం పెట్టారంటే అరగంటలో పొర తెగి కింద మామూలు చెక్క బయటపడుతుంది. పోయింది మళ్ళీ రాదు. అక్కడ పైపూతే పనితనం. దాన్ని ముట్టుకోవద్దనడం నూటికి నూరుపాళ్ళు సరైనదే. ఎవరైనా అలాంటి బల్లకి మెలమైన్ పాలిష్ వేయిస్తానంటే నేనే అడ్డం పడుకుంటాను.

14వ నంబరు కుర్చీలో పనితనం పైపూతలో లేదు. ఆ ఒంపు, దాన్ని పట్టి ఉంచే స్క్రూ, అవసరమైతే మార్చుకునే వీలు, వీటిలో ఉంది. సీటు చట్రం సడలితే బిగించండి. ముందు కాలు విరిగితే కేటలాగు నంబరు చెప్పి కాలు తెప్పించుకోండి. పేము తెగితే అల్లించండి. చేసినవాడే ఇలా ఆలోచించి చేశాడు. పేము పదికాలాలు ఉండదని వాళ్ళకి తెలుసు. చట్రానికి చుట్టూ వరసగా బెజ్జాలు పెట్టిందే పాత పేము తీసి కొత్తది అల్లడానికి వీలుగా. ఆ బెజ్జాలని ఖాళీగా చూపిస్తూ "ఒరిజినల్" అని అమ్మడం, ఆ కుర్చీ గురించి ఏమీ తెలియకుండా దాన్ని గౌరవించడం.

ఇంకో సంగతి. చేత్తో చేసిన ఒక్కగానొక్క వస్తువుకి వర్తించే నియమాన్ని, కోట్లలో తయారైన వస్తువుకి తగిలించడంలో ఒక సామాజిక అన్యాయం కూడా ఉంది. ఈ కుర్చీ గొప్పతనమే చవగ్గా ఉండటం. కాఫీ హోటల్లో గుమస్తా పక్కన ప్రొఫెసర్ కూర్చున్నా ఇద్దరిదీ అదే కుర్చీ. అదే కాలంలో ఇంగ్లండ్‌లో విలియం మోరిస్, ఆయన మిత్రులు యంత్రాల మీద విరక్తితో చేతిపనిని నిలబెట్టాలని చూశారు. 1861లో కంపెనీ పెట్టారు. వాళ్ళ ఆశయం నాకు ఎంతో గౌరవం. రెల్లు అల్లిన సస్సెక్స్ కుర్చీ లాంటివి అందుబాటు ధరకే అమ్మారు కూడా. కానీ ఆ కంపెనీ చేసిన గొప్ప అలమరాలు, అద్దాల కిటికీలు, గోడకు వేలాడే అల్లికలు కొన్నది డబ్బున్నవాళ్ళే. అందరికీ మంచి కుర్చీ అనే కల నిజంగా నెరవేరింది మొరావియా ఫ్యాక్టరీలో. దాన్ని ఇప్పుడు గాజు తలుపుల వెనక పెట్టి ధర పెంచి, తెగిన పేముని కూడా ధరలో కలిపి అమ్మడం నాకు మింగుడుపడదు.

పెద్దమ్మ చెప్పిన సంగతి

వాదన ముదిరాక అన్నయ్య పెద్దమ్మకి ఫోన్ ఇచ్చాడు, ఆవిడైనా నన్ను ఒప్పిస్తుందని. ఆవిడకి ఎనభై దాటాయి. థోనెట్ పేరు గానీ కోన్ పేరు గానీ ఎప్పుడూ వినలేదు. "అమ్మలూ, ఆ కుర్చీల పేము ఎండాకాలంలో వదులైపోయేదే. మీ నాయనమ్మ వాటిని పెరట్లోకి తెప్పించి బోర్లా పెట్టించేది. తడిగుడ్డతో అడుగువైపు బాగా తడిపి, నీడలో ఆరనిచ్చేవాళ్ళం. తెల్లారేసరికి బిర్రుగా బిగిసిపోయేవి. పైన తడపకూడదు, అడుగునే తడపాలి. పైన మెరుపు ఉంటుంది, నీళ్ళు పట్టదు" అంది.

ఇది విని నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. పేము బెరడువైపు నున్నగా, గట్టిగా ఉంటుంది, నీళ్ళు పీల్చదు. లోపలివైపు గుల్లగా ఉంటుంది. అల్లేటప్పుడు బెరడు పైకి వచ్చేలా అల్లుతారు. అందుకే కిందినుంచి తడపాలి. తడిసిన నార ఆరుతూ కుదించుకుపోతుంది, జారిన సీటు మళ్ళీ లేస్తుంది. కుర్చీలు మరమ్మత్తు చేసేవాళ్ళు ఎక్కడైనా ఇదే చెప్తారు. మా నాయనమ్మకి ఎవరు చెప్పారో మరి, చెయ్యి వాడకంలో తెలిసిందేమో. ఆ కుర్చీలు మా ఇంట్లో ఇన్నేళ్ళు నిలిచాయంటే కారణం ఈ తడిగుడ్డ. ఎవరూ ముట్టుకోకుండా ఉంచి ఉంటే మా నాన్న స్కూలుకి వెళ్ళే నాటికే పేము ఎండి పెళుసెక్కి పటపటా తెగిపోయేది.

జారిన పేము ఉన్న రెండు కుర్చీలకి పెద్దమ్మ చెప్పినట్టే చేయించాను. ఒకటి బిగిసింది. రెండోదానికి ఒక మూల నాలుగు పోగులు అప్పటికే తెగి ఉన్నాయి, అది సగమే లేచింది. దాన్ని అల్లించక తప్పదు.

అవతలివైపు వాదనలు

నా మాటకి ఎదురు వచ్చినవాటిలో కొట్టిపారేయలేనివి ఉన్నాయి.

మొదటిది నా స్నేహితురాలిది. ఆమె మ్యూజియంలో పాత వస్తువుల సంరక్షణ చూస్తుంది. "నువ్వు తీసి పారేసే పాత పేములో సమాచారం ఉంటుంది. ఎంత సన్నంగా చీల్చారు, చట్రానికి ఎన్ని బెజ్జాలు పెట్టారు, అంచుపట్టీ ఎలా కుట్టారు, రంగు పేము మీదా పడిందా లేక అల్లకముందే చట్రానికి వేశారా, ఇవన్నీ చూసే కదా ఏ కాలానిదో చెప్పేది. నీలాంటివాళ్ళు అందరూ అల్లించేస్తే వందేళ్ళ తర్వాత చూడటానికి ఒక్కటీ మిగలదు" అంది. నిజమే. దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. కోట్లలో తయారైనవాటిలో కొన్ని వందలు మ్యూజియాల్లో ముట్టుకోకుండా ఉండాలి. ఉన్నాయి కూడా, వియన్నాలోనూ జర్మనీలోనూ. ఇళ్ళలో ఉన్నవాటికి ఆ భారం మొయ్యాల్సిన పని లేదు. అయినా ఆమె మాట విని ఒక పద్ధతి పెట్టుకున్నాను: తీసిన పాత పేముని ఒక కవర్లో పెట్టి, తీసిన తేదీ రాసి, ఫోటోలతో సహా దాచడం. కాగితం లేబుల్ జోలికి మాత్రం ఎవరూ పోకూడదు.

ఆమే ఇంకో మాట అంది, పాత కట్టడాలని గీకి కొత్తవి చేసే పద్ధతికి వ్యతిరేకంగా 1877లో సంఘం పెట్టింది నువ్వు మెచ్చుకునే మోరిసే కదా అని. అవును, ఆయనే. పాత గోడల మీద కాలం వేసిన పొరల్ని గీకేసి "అసలు రూపం" తెస్తామనే వాళ్ళతో ఆయన పోరాడాడు. కానీ ఆ సంఘం ప్రకటనలో రెండో సగాన్ని అందరూ వదిలేస్తారు. రోజువారీ సంరక్షణతో పాడవకుండా చూసుకోండి, గోడ ఒరిగితే ఊతం పెట్టండి, కప్పు కారితే బాగు చెయ్యండి అనే కదా అందులో ఉంది. పేము అల్లించడం కారే కప్పు బాగు చేయడం లాంటిదే. కుర్చీ మొత్తాన్ని గీకి, నల్లరంగు తీసేసి, లేత చెక్క కనిపించేలా వార్నిష్ కొట్టడం ఆయన తిట్టిన పని. ఈ రెండోది నేనూ ఒప్పుకోను. ఈమధ్య కొన్ని చోట్ల బెంట్‌వుడ్ కుర్చీలకి తెల్ల పెయింటు కొట్టి అమ్ముతున్నారు, చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

రెండో వాదన దగా గురించి. నాలుగు విరిగిన కుర్చీల్లోంచి బాగున్న ముక్కలు ఏరి రెండు కుర్చీలు చేసి, ఒకదానికి ఉన్న లేబుల్ చూపించి రెండూ అసలువని అమ్మడం ఈ వ్యాపారంలో మామూలు. ముక్కలు మార్చుకోవచ్చు అని నేను అంటే ఆ దగాకి తలుపు తెరిచినట్టు కాదా అని అన్నయ్య అడిగాడు. దగా మరమ్మత్తులో లేదు, చెప్పకపోవడంలో ఉంది. ఫలానా కాలు మార్చాం, పేము ఫలానా ఏడాది అల్లించాం అని రాసిచ్చి అమ్మితే తప్పేముంది? పాత కారుకి సర్వీస్ రికార్డు ఉంటే ధర పెరుగుతుంది కదా, కుర్చీకి ఎందుకు తగ్గాలి?

మూడోది నేనే వేసుకున్న ప్రశ్న. ఈ కుర్చీ చవక అయింది ఎవరి చేతుల వల్ల? ఆవిరి గదిలోంచి కాలుతున్న కర్రని తీసి, అది చల్లారేలోపు ఇనప అచ్చుకి తిప్పి బిగించే మగవాళ్ళు. రోజంతా వంగి పేము అల్లే, పాలిష్ రుద్దే మొరావియా పల్లెల ఆడవాళ్ళు. పూర్తి కుర్చీ చేయగల వడ్రంగి అక్కడ అక్కర్లేదు. ఒకడు ఒక్క ఒంపే, జీవితాంతం. మోరిస్ భయపడింది ఇదే. నేను ఫ్యాక్టరీని పొగుడుతూ ఆ చేతుల్ని మర్చిపోకూడదు. ఈ ప్రశ్న నా వాదనని బలపరుస్తుందో బలహీనపరుస్తుందో చాలాసేపు తేలలేదు. ఇప్పుడు నాకు తోస్తున్నదేమిటంటే, అంత కష్టంతో తయారైన వస్తువుని జనం వాడుకోవడానికి చేశారు. దాన్ని వాడకుండా ఆపడం ఆ కష్టానికి మేలు చేసేదేం కాదు.

వంపు విరిగితే?

నా వాదన నిజంగా తడబడేది ఒక చోట ఉంది. అన్నీ మార్చుకోవచ్చు అన్నాను. మరి పెద్ద ఒంపు, వీపూ వెనక కాళ్ళూ కలిసిన ఆ ఒకే కర్ర విరిగితే?

ప్లైవుడ్ కొట్టిన కుర్చీలో సరిగ్గా అదే జరిగింది. వెనక ఎడమ కాలు సీటు కింద విరిగితే, మా ఊరి వడ్రంగి ఎవరో టేకు చెక్కని అదే ఒంపుకి కోసి, పాత కర్రకి ఏటవాలుగా అతికి, రెండు స్క్రూలు వేశాడు. పని శుభ్రంగా ఉంది. రంగు కూడా కలిపాడు. కానీ ఆ ముక్క మళ్ళీ విరిగింది, అతుకు దగ్గర కాదు, ఒంపు మధ్యలో. చెక్క మీద వేలు పెట్టి నార వెంబడి వెళ్తే కారణం తెలుస్తుంది. థోనెట్ పద్ధతిలో వంచిన కర్ర మీద నార గీతలు ఒంపుతో పాటే తిరుగుతాయి, పై నుంచి కింది దాకా ఒక్క గీత కూడా అంచు దాటి బయటికి పోదు. కోసిన టేకు ముక్కలో గీతలు నిటారుగా వెళ్ళి ఒంపు తిరిగే చోట పక్కకి తెగిపోయాయి. బరువు పడగానే అక్కడే చీలింది. టేకు బీచ్ కన్నా మేలైన చెక్క. చెద పట్టదు, తేమకి ఉబ్బదు. బీచ్‌కి పుచ్చు పురుగు ఇట్టే పడుతుంది. అయినా ఇక్కడ టేకు ఓడిపోయింది. పాత సామాన్ల కొట్టుకి వెళ్ళినప్పుడు అసలుదా నకలా తెలుసుకోవాలంటే లేబుల్ కన్నా ముందు ఇది చూడండి. లేబుల్ అతికించొచ్చు, నారని ఒంపు తిప్పడం కుదరదు.

కాబట్టి ఒంపు విరిగితే ఇక్కడ ఆ కుర్చీ పని అయిపోయినట్టే. చెక్ దేశంలో బిస్త్రిత్సె అనే ఊళ్ళో పాత థోనెట్ ఫ్యాక్టరీయే టోన్ అనే పేరుతో నడుస్తోంది, ఇవాళ్టికీ 14వ నంబరు కుర్చీ చేస్తున్నారు. అక్కడ కొత్త ఒంపు దొరుకుతుంది. దాన్ని తెప్పించి, పాత సీటు చట్రానికీ ముందు కాళ్ళకీ బిగిస్తే? అది మా తాతగారి కుర్చీయేనా? ఒంపు లేకుండా ఆ కుర్చీ ఏమిటసలు? ఇక్కడ నా సూత్రం ఆగిపోతుందని ఒప్పుకుంటాను. మిగతావన్నీ మార్చడానికి చేసినవే, ఇది మాత్రం కుర్చీకి వెన్నెముక. ఇది విరిగిన కుర్చీని మిగతా ఐదింటికి విడిభాగాల కోసం ఉంచుకోవాలి గానీ, బతికించడానికి తాపత్రయపడకూడదు అనుకుంటున్నాను. ఆ ప్లైవుడ్ కుర్చీ ముందు కాళ్ళు, కింది వలయం, స్క్రూలు అన్నీ బాగానే ఉన్నాయి.

ఇక నీలం వైరు కుర్చీ. డీలరు పక్కన పెట్టేయమన్నది ఇదే. నా వాదన ప్రకారం అయినా వైరు తీసి పేము అల్లించాలి కదా అని అన్నయ్య అడిగాడు, నేను చిక్కుకున్నాననే ధీమాతో. నేను అక్కర్లేదన్నాను. ప్లాస్టిక్ వైరు అల్లిక ఎనభైల్లో ఇంటింటా ఉండేది. పేము అల్లేవాళ్ళు దొరకడం తగ్గి, వైరు చవగ్గా దొరికిన కాలంలో మా అమ్మ దాన్ని అల్లించింది. పాత బెజ్జాల్లోంచే వైరు పోనిచ్చారు, కొత్త మేకు ఒక్కటి కొట్టలేదు, చట్రానికి ఏ దెబ్బా తగల్లేదు. కూర్చుంటే గట్టిగా ఉంది. పాడవని దాన్ని విప్పి పాతకాలపు అందం కోసం మళ్ళీ చేయిస్తే, నేను తప్పంటున్న పనే నేను చేసినట్టు అవుతుంది. పంతొమ్మిదో శతాబ్దపు శైలి చెడిపోయిందని ఎవరైనా బాధపడితే పడనివ్వండి.

అన్నయ్యకి చివరికి పంపిన మెసేజ్‌లో రాసినవి ఇవి. నాలుగు కుర్చీలు అమ్మాలని ఉంటే అమ్ము, కానీ పేము అల్లించాకే, ఏం చేశామో కాగితం మీద రాసిచ్చి. ఆ డీలరు సగం ధరే ఇస్తానంటే, అల్లిన కుర్చీలో కూర్చోవాలనుకునే కొనుగోలుదారుని వెతుకుదాం, దొరుకుతారు. నీలం వైరుదీ, ప్లైవుడ్‌దీ నాకు పంపించు. పాత పేము ముక్కలు పారేయొద్దు. రాజమండ్రిలో పేము అల్లే ఒకాయన ఉన్నాడని, చూపు తగ్గినా చెయ్యి తిరిగినవాడని పెద్దమ్మ చెప్పింది. సంక్రాంతికి ముందే ఆయన దగ్గరికి వెళ్ళి రావాలి. కొడుకులెవరూ ఆ పని నేర్చుకోలేదట.